అహోబిలం కొండెక్కిన ఆఫీసు బ్యాగు

జ్వాలా నరసింహస్వామి దర్శనం చేసుకుని ఉగ్రస్తంభం వైపు ఎక్కుతున్నాం. నేను ముందు, నాన్న వెనక. కాసేపటికి వెనక నుంచి చేతికర్ర చప్పుడు ఆగిపోయింది. తిరిగి చూస్తే నాన్న ఒక బండ మీద కూలబడి ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయి. చొక్కా చెమటకి ఒంటికి అతుక్కుపోయింది. "నాన్నా, ఏమైంది?" అంటే నా వైపు చూస్తున్నాడు కానీ బదులు లేదు.

నాన్నకి పదకొండేళ్లుగా షుగర్. ఏం జరుగుతోందో నాకు వెంటనే అర్థమైంది. పొద్దున మాత్ర వేసుకున్నాడు, దర్శనం అయ్యేదాకా ఏమీ తిననన్నాడు, మూడు గంటలుగా నడుస్తున్నాడు. షుగర్ పడిపోతోంది. గ్లూకోజ్ ప్యాకెట్ నా దగ్గరే ఉంది. నా చేతులతో నేనే బ్యాగులో పెట్టా. ఎక్కడ పెట్టానన్నదే గుర్తు రాలేదు.

జిప్ లాగా. టవల్, దాని కింద వానకోటు, ఆ కింద పులిహోర డబ్బా. పక్క అరలో లాప్‌టాప్ ఛార్జర్ (అది కొండ మీదకి ఎందుకొచ్చిందో ఇప్పటికీ తెలీదు), హెడ్‌ఫోన్స్, ఆఫీసు ఐడీ కార్డు, ఎప్పటివో బిల్లులు. ముందు జేబులో పవర్ బ్యాంకు. ఇంకో జేబు, ఇంకో జేబు... చివరికి బ్యాగుని తిరగేసి బండ మీద గుమ్మరించా. ఒక బత్తాయి దొర్లుకుంటూ లోయలోకి పోయింది. గ్లూకోజ్ మాత్రం కనబడలేదు.

అప్పుడే కిందినుంచి ఒక తమిళ యాత్రికుల గుంపు వచ్చింది. అందులో ఒక పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, నాన్న మొహం చూసి ఒక్క మాట కూడా అడగలేదు. నడుముకి దోపుకున్న చిన్న గుడ్డ తిత్తి బయటికి తీసి, తాడు వదులు చేసి, రెండు పెద్ద పటికబెల్లం ముక్కలు నాన్న నోట్లో పెట్టింది. మొత్తం కలిపి ఐదారు సెకన్లు. నేను అప్పటికి నాలుగు నిమిషాలుగా వెతుకుతున్నా.

పావుగంటకి నాన్న తేరుకున్నాడు. పులిహోర తిన్నాడు. మేం పైకి వెళ్లలేదు, మెల్లగా కిందికి దిగాం. గ్లూకోజ్ ప్యాకెట్ ఆ రాత్రి నంద్యాలలో మా ఇంట్లో దొరికింది. లాప్‌టాప్ అర అడుగున, ఆ అర అట్టకీ లోపలి గుడ్డకీ మధ్య.

అహోబిలం అంటే గుడి మాత్రమే కాదు

వెళ్లనివాళ్ల కోసం రెండు ముక్కలు. నంద్యాల జిల్లాలో, ఆళ్లగడ్డ దాటి నల్లమల అంచుకి వస్తే దిగువ అహోబిలం. అక్కడి నుంచి ఎనిమిది కిలోమీటర్లు ఘాట్ ఎక్కితే ఎగువ అహోబిలం. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. నరసింహస్వామి తొమ్మిది రూపాల్లో, తొమ్మిది చోట్ల ఉన్నాడు కాబట్టి నవ నారసింహ క్షేత్రం అంటారు. కొన్ని గుళ్ల దాకా బండి వెళ్తుంది. కొన్నింటికి కాళ్లే గతి.

ఎగువ గుడి పక్క నుంచి భవనాశిని వాగు వెంట నడక మొదలవుతుంది. కొంతదూరం మెట్లు, కొంతదూరం రాళ్లు, మధ్యలో వాగు దాటడాలు. వరాహ నరసింహస్వామి, మాలోల నరసింహస్వామి, జ్వాలా నరసింహస్వామి అన్నీ ఈ వైపే. జ్వాలా గుడి రెండు కొండల నడుమ, నిటారు రాతి గోడకి ఆనుకుని ఉంటుంది. వానలు బాగా పడ్డ ఏడాది అయితే పైనుంచి ధారగా నీళ్లు పడుతుంటాయి, దర్శనానికి పోయేవాళ్లు తడవాల్సిందే. హిరణ్యకశిపుడి కోటలో స్వామి చీల్చుకుని బయటికొచ్చిన స్తంభం ఇదేనని చూపించే చీలిక కొండే ఉగ్రస్తంభం. దానికి ఎక్కే దారి మెట్లు లేని దారి. చేతులు కూడా వాడాలి.

అంటే ఒకే రోజులో మీరు మెట్లెక్కుతారు, రాళ్లు పట్టుకుని పాకుతారు, నీళ్లలో తడుస్తారు, ఎండలో మాడతారు, కోతులతో బేరాలాడతారు. వీపు మీద ఉన్న బ్యాగు వీటన్నిటికీ తట్టుకోవాలి. నాది ఆఫీసులో చేరిన రోజు కిట్‌లో ఇచ్చిన లాప్‌టాప్ బ్యాగు. పాపం, దాని తప్పేం లేదు. అది లిఫ్టులో పైకెళ్లడానికి పుట్టింది.

తూకం వేస్తే తెలిసింది

మర్నాడు ఇంట్లో కాటా మీద ఆ బ్యాగుని, కొండకి తీసుకెళ్లిన సామాను మొత్తంతో సహా, మళ్లీ సర్ది పెట్టా. ఏడున్నర కిలోలు! నా బరువు 54 కిలోలు. అంటే నా బరువులో దాదాపు 14 శాతం.

స్కూలు పిల్లల బ్యాగు బరువు వాళ్ల ఒంటి బరువులో పదోవంతు మించకూడదని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెప్తోంది. ఒక్కరోజు నడకకి పెద్దవాళ్లకి కూడా కొండలెక్కేవాళ్లు చెప్పే లెక్క ఇంచుమించు ఇదే. నా లెక్కన ఐదున్నర కిలోలు దాటకూడదు. మిగతా రెండు కిలోల్లో ఏమున్నాయో ఏరితే నవ్వొచ్చింది. ఛార్జర్, హెడ్‌ఫోన్స్, డైరీ, మేకప్ పౌచ్, రెండో జత జీన్స్, ఖాళీ టిఫిన్ డబ్బా. బ్యాగు ఖాళీగానే కిలో పైన ఉంది.

నీళ్లు మాత్రం తగ్గించడానికి లేదు. లీటరు నీళ్లంటే కిలో బరువు. ఇద్దరికీ కలిపి మూడు లీటర్లు, మూడు కిలోలు. కాబట్టి మిగతావాటిలోనే కోత పెట్టాలి.

నాన్న తోలు సంచి

నేను తూకాలు వేస్తుంటే నాన్న మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. కాసేపయ్యాక లేచి అటక మీదనుంచి తన పాత సంచి దించాడు. మా నాన్న ముప్పై రెండేళ్లు బస్సు కండక్టర్. టికెట్ మిషన్లు రాకముందు నాటి తోలు సంచి అది. పట్టీ నలిగి నల్లగా అయిపోయింది, అంచులు మూడుసార్లు కుట్టించాడు. లోపల అరలు మాత్రం ఇంకా గట్టిగానే ఉన్నాయి.

"ఇదో పాపా, ఇట్ల చూడు. ఈడ చిల్లర. ఈడ పదులు, ఇరవైలు. ఈడ వందలు. లోపలి అర పెద్ద నోట్లకి. టికెట్ల డబ్బా చేతిలో. జాతరప్పుడు బస్సులో నూరు మంది ఉంటారు, దీపం ఉండదు. సంచిలోకి చూసే తీరిక యాడిది? చెయ్యి పెడితే కావాల్సింది రావాల. ఒక్కనాడు చిల్లర పోయి పదుల్లో పడినా ఆ రోజంతా లెక్క తప్పుతాది."

అని ఆగి, "నీ బ్యాగులో జేబులు ఎన్ని?" అన్నాడు.

లెక్కపెట్టా. పద్నాలుగు.

"నా సంచికి నాలుగే," అన్నాడు. ఇంకేం అనలేదు. అటక మీద పెట్టేశాడు.

నాకు సిగ్గేసింది. పద్నాలుగు జేబులున్న బ్యాగులో నాన్న ప్రాణం ఉన్న ప్యాకెట్‌కి ఒక జేబు కేటాయించలేదు నేను. ఆ తమిళ అవ్వ తిత్తికి ఒకటే అర. మా జేజి వక్కాకు తిత్తి కూడా అంతే, చీకట్లో కూడా సున్నం ఒకవైపు, వక్క ఒకవైపు తడుముకుని తీసేది. సరే, కొత్త బ్యాగు కొందామనుకున్నా. ఈసారి రంగు చూసి కాదు.

కొండ నుంచి కాలేజీకి, కాలేజీ నుంచి కొండకి

మనం ఆఫీసుకి, కాలేజీకి వేసుకెళ్లే ఈ రెండు పట్టీల బ్యాగు అసలు కొండలెక్కేవాళ్లదే. 1967లో అమెరికాలోని సియాటిల్‌లో మొదలైన జాన్‌స్పోర్ట్ కంపెనీ కొండలెక్కేవాళ్ల కోసం బ్యాగులు కుట్టేది. అక్కడి యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్ పుస్తకాల దుకాణంలో ఆటసామాన్ల విభాగంలో వాటిని పెట్టారు. వాన ఎక్కువ పడే ఊరు కదా, పుస్తకాలు తడవకుండా ఉంటాయని విద్యార్థులు వాటినే కొనడం మొదలెట్టారు. అలా కొండ బ్యాగు కాలేజీ బ్యాగు అయింది.

తర్వాత కాలేజీ బ్యాగు లాప్‌టాప్ బ్యాగు అయింది. ఈ ప్రయాణంలో నడుం పట్టీ ఊడిపోయింది, ఛాతీ పట్టీ పోయింది, వీపు వైపు గాలాడే ఏర్పాటు పోయింది. వాటి బదులు ఛార్జర్ జేబు, పెన్ను జేబు, కార్డు జేబు చేరాయి. నాకు కావాల్సింది రెండూ చేసేది. సోమవారం మెట్రోలో, ఆదివారం కొండ మీద. రెండు బ్యాగులు కొనే డబ్బుల్లేవు, హాస్టల్ గదిలో పెట్టే చోటూ లేదు.

షాపుకి లాప్‌టాప్, నీళ్ల సీసాలు మోసుకెళ్లా

హైదరాబాద్‌లో బ్యాగులకి కొదవా? కోఠి సుల్తాన్ బజార్‌లో రోడ్డు మీద వేలాడేవి, అబిడ్స్‌లో వరుస షాపులు, మాల్స్‌లో ఏసీ షోరూములు, పెద్ద స్పోర్ట్స్ స్టోర్లు. మూడు శనివారాలు తిరిగా. ప్రతిచోటికీ లాప్‌టాప్, రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు తీసుకెళ్లా. ఖాళీ బ్యాగు ఎవరికైనా బాగానే ఉంటుంది. షాపులో పెట్టే కాగితం ఉండలు తీసేసి, మీ బరువు మీరు పెట్టి, పావుగంట వేసుకుని తిరగండి. మెట్లు ఉంటే ఎక్కి దిగండి. షాపువాళ్లు వింతగా చూస్తారు, చూడనివ్వండి. కొన్నాక మోసేది మీరే.

ఎన్ని లీటర్లు? బ్యాగు సైజుని లీటర్లలో చెప్తారు. ఊళ్లో తిరగడానికి 15 నుంచి 20 లీటర్లు చాలు. ఒకరోజు కొండకి, ఆఫీసుకి రెండిటికీ కావాలంటే 20 నుంచి 25 మధ్య చూడండి. "పెద్దది తీసుకుంటే పోలా, ఎప్పుడైనా పనికొస్తుంది" అనుకుంటే అక్కడే దెబ్బ. చోటుంటే సామాను దానంతటదే వచ్చి చేరుతుంది. నా జీన్స్ అలాగే కొండెక్కింది. నేను 22 లీటర్లది తీసుకున్నా.

మీ వీపు పొడవెంత? మీరు ఎంత ఎత్తున్నారన్నది కాదు, వీపు ఎంతుందన్నది ముఖ్యం. తల ముందుకి వంచితే మెడ వెనక ఒక ఎముక ఉబ్బెత్తుగా తగులుతుంది. రెండు చేతులూ నడుం పక్కన తుంటి ఎముకల మీద పెట్టుకుంటే బొటనవేళ్లు వెనక్కి ఒక గీత మీదకొస్తాయి. ఆ ఎముక నుంచి ఈ గీత దాకా టేపుతో ఎవరిచేతైనా కొలిపించుకోండి. నాది 41 సెంటీమీటర్లు. చిన్న బ్యాగులు చాలావరకు ఒకటే సైజులో వస్తాయి కాబట్టి, ఈ కొలత దేనికంటే, నడుం పట్టీ తుంటి ఎముకల మీదకి వస్తోందా, పొట్ట మీదకి వస్తోందా తెలుసుకోవడానికి. పొట్ట మీదకొస్తే ఆ బ్యాగు మీకు పొట్టి. పిరుదుల మీద తడుతుంటే పొడవు.

పట్టీల సంగతి. భుజం పట్టీ భుజాన్ని పూర్తిగా అంటుకుని దిగాలి, మధ్యలో ఖాళీ రాకూడదు. అమ్మాయిలు ముఖ్యంగా చూసుకోవాల్సింది పట్టీ వంపు. నిటారుగా దిగే పట్టీలు ఛాతీ పక్కన ఒరుసుకుంటాయి. 'ఎస్' ఆకారంలో వంపు తిరిగినవి హాయిగా ఉంటాయి. నొక్కితే సగానికి అణిగిపోయే మెత్తటి స్పాంజి చూసి మోసపోకండి. ఆరు నెలల్లో అప్పడం అవుతుంది. కాస్త గట్టిగా ఉన్నదే ఎక్కువ కాలం మోస్తుంది.

ఛాతీ పట్టీ ఉందా చూడండి. రాళ్లమీద పాకేటప్పుడు భుజం పట్టీలు జారకుండా పట్టేది అదే. కొన్నింటికి దాని బకిల్‌లోనే చిన్న విజిల్ ఉంటుంది. అడవిలో దారి తప్పితే గొంతు కంటే అదే దూరం వినిపిస్తుంది. ఇక నడుం పట్టీ. సన్నటి రిబ్బన్ లాంటిదైతే అది బ్యాగు ఊగకుండా మాత్రమే ఆపుతుంది, బరువు మొయ్యదు. మెత్త ఉన్న వెడల్పు పట్టీ అయితే బరువులో కొంత భుజాల నుంచి నడుముకి దించుతుంది. ఐదారు కిలోలు మోసేవాళ్లకి ఆ తేడా మధ్యాహ్నానికి తెలుస్తుంది.

వేసుకునే పద్ధతి కూడా ఉంది. ముందు అన్ని పట్టీలూ వదులు చెయ్యాలి. వేసుకుని నడుం పట్టీ బిగించాలి. తర్వాత భుజం పట్టీలు లాగాలి. చివర్లో ఛాతీ పట్టీ, ఊపిరికి అడ్డు రాకుండా. నేను ఇరవై ఆరేళ్లు దీన్ని తలకిందులుగా చేశా.

వీపుకి గాలి. కొన్ని బ్యాగులకి వీపు వైపు వల బిగించి, బ్యాగుకీ వీపుకీ మధ్య ఖాళీ ఉంచుతారు. మన ఎండలకి అది వరమే. కానీ దానికో లెక్క ఉంది. బరువు వీపు నుంచి కాస్త వెనక్కి జరుగుతుంది, వంపు తిరిగిన వెనక గోడ వల్ల లాప్‌టాప్ సరిగ్గా కూర్చోదు. రెండు పనులకీ ఒకటే బ్యాగు కావాలంటే గాళ్లున్న స్పాంజి మీద వలగుడ్డ వేసినది మధ్యే మార్గం. చెమట పడుతుంది, కాకపోతే వీపు మొత్తం తడవదు.

కుట్టు, జిప్, గుడ్డ. మూడో శనివారం నాన్న కూడా వచ్చాడు. షాపులో బ్యాగు తీసుకుని నేరుగా లోపలివైపుకి తిరగేశాడు. భుజం పట్టీ బ్యాగుకి అతికే చోట వేలు పెట్టి, "తెగేది ఈడనే. ఈడ ఒక్క వరస కుట్టు ఉంటే వద్దు" అన్నాడు. నిజమే. ఆ మూలల్లో దగ్గర దగ్గరగా, అడ్డంగా నాలుగైదుసార్లు కుట్టి ఉండాలి. జిప్‌ని పదిసార్లు లాగి చూడండి, ముఖ్యంగా మూల మలుపుల్లో. చాలా మంచి బ్యాగుల జిప్‌ల మీద 'వైకేకే' అని మూడక్షరాలు కనిపిస్తాయి. 1934లో మొదలైన జపాన్ కంపెనీ అది, ప్రపంచంలో జిప్‌లకి పెద్ద పేరు. అది లేకపోతే చెడ్డదని కాదు, జిప్ పోతే బ్యాగంతా పోయినట్టే కాబట్టి చూసుకోమంటున్నా.

గుడ్డ మీద 210డి, 420డి, 600డి అని రాసి ఉంటుంది. డి అంటే డెనియర్. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే దారం లావు, బరువూ ఎక్కువ. అడుగు భాగం లావు గుడ్డ, పైభాగం పల్చటి గుడ్డ ఉన్నవి బాగుంటాయి. ఎందుకంటే రాళ్ల మీద, బస్సు ఫ్లోర్ మీద ఆనేది అడుగే.

వానకి తట్టుకుంటుందా? ట్యాగ్ మీద 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే చినుకులకి పర్లేదు, జడివానకి కాదు అని అర్థం. కుట్ల రంధ్రాల్లోంచి, జిప్ సందుల్లోంచి నీళ్లు దిగుతాయి. రెయిన్ కవర్ ఉంటే మంచిదే కానీ అది వీపు వైపు కప్పదు. అన్నిటికంటే చవకైన ఉపాయం, ఒక పెద్ద మందపాటి చెత్త కవర్ బ్యాగు లోపల పెట్టి, అందులో సామాను సర్ది, మూతి మెలిపెట్టడం. జ్వాలా నరసింహుడి ధార కింద తడిసినా లోపల పొడిగానే ఉంటుంది.

ఏ బ్రాండ్ అని అడక్కండి. నా వీపుకి సరిపోయింది మీ వీపుకి సరిపోకపోవచ్చు. నాకు 2,300 రూపాయలు పడింది. అంతకు రెట్టింపువీ చూశా, సగం ధరవీ చూశా. సగం ధరవాటిలో రెండింటి కుట్టు నాన్న పరీక్షలో నెగ్గింది కూడా, పట్టీలే నాకు కుదర్లేదు.

ఏది ఎక్కడ?

నా కొత్త బ్యాగుకి జేబులు ఆరు. ఇంటికి తెచ్చాక నాన్న దగ్గర కూర్చుని దేనికేదో తేల్చుకున్నా.

నడుం పట్టీ మీద చిన్న జేబు: గ్లూకోజ్, పటికబెల్లం. ఇంకేమీ లేవు. ఫోను కూడా పెట్టను. బ్యాగు దించకుండా, చూడకుండా చెయ్యి పోవాలి.

పై జేబు: ఎర్ర గుడ్డ పౌచ్‌లో మందులు, బ్యాండేజీ, మాత్రల చీటీ. ఎరుపు ఎందుకంటే, నేను లేకపోతే ఇంకెవరికైనా "ఎర్ర సంచి తియ్యండి" అని చెప్పొచ్చు. ఇంటి తాళాలు లోపలి కొక్కేనికి.

పక్క జేబులు: ఒకవైపు నీళ్ల సీసా, ఒకవైపు మడత గొడుగు. సీసాని బ్యాగు వేసుకునే తీసి మళ్లీ పెట్టగలగాలి. షాపులోనే ఇది చేసి చూడండి. నీళ్లు తాగాలంటే బ్యాగు దించాల్సొస్తే, 'తర్వాత తాగుదాంలే' అనిపిస్తుంది. అలా తాగకుండానే కొండెక్కేస్తాం. అహోబిలంలో ఇంకో జాగ్రత్త కూడా. పక్క జేబులో కూల్‌డ్రింక్ సీసా, అరటిపళ్ల కవరు కనబడ్డాయంటే కోతులు మీ అనుమతి అడగవు. తినేవన్నీ జిప్ లోపలే.

పెద్ద అర: బరువైనవి వీపుకి దగ్గరగా, మధ్య ఎత్తులో. తేలికవి బయటివైపు. బరువు అడుగున ఉంటే వెనక్కి లాగుతుంది, మరీ పైన ఉంటే రాళ్లమీద వంగినప్పుడు ముందుకి తోస్తుంది. వానకోటు అన్నిటికన్నా పైన. వాన వచ్చినప్పుడే కదా కావాలి.

లాప్‌టాప్ అర: ఆదివారం ఇందులో రెండో నీళ్ల సీసా పెడతా. వీపుకి ఆనుకుని ఉంటుంది కాబట్టి బరువైనదానికి సరైన చోటు అదే. లాప్‌టాప్, నీళ్లు ఒకే రోజు ఒకే అరలో మాత్రం వద్దు, చెప్పక్కర్లేదనుకుంటా. ఇంకో మాట, లాప్‌టాప్ అర అడుగు బ్యాగు అడుగుకి తగలకుండా రెండు మూడు వేళ్లు పైన ఆగాలి. లేకపోతే బ్యాగు కింద పెట్టిన ప్రతిసారీ దెబ్బ లాప్‌టాప్‌కే.

సోమవారం సంగతి

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గం దాకా వెళ్లేవాళ్లకి తెలుసు. అమీర్‌పేట మెట్లమీద ఉదయం తొమ్మిదింటికి నడవడం ఉగ్రస్తంభానికి ఏం తీసిపోదు. ఇక్కడ బ్యాగు వీపు మీద కాదు, పొట్ట మీద ఉండాలి. వెనకవాళ్ల మొహానికి తగలదు, జిప్‌లు మన కళ్లముందు ఉంటాయి. సన్నటి బ్యాగు అయితే ముందు వేసుకున్నా కాళ్లు కనిపిస్తాయి. లావు బ్యాగు అయితే మెట్టు కనబడదు. వేలాడే పట్టీల కొసలు మడిచి రబ్బరు బ్యాండ్ వెయ్యండి, ఎస్కలేటర్‌లో, డోర్‌లో ఇరుక్కోవు.

టిఫిన్ డబ్బా నిలువుగా, కవర్లో చుట్టి, లాప్‌టాప్‌కి దూరంగా. ఒకసారి సాంబారు ఒలికిన బ్యాగు వాసన వదిలించడానికి నాకు నెల పట్టింది. వాషింగ్ మెషిన్‌లో వెయ్యకండి, లోపలి పూత పొట్టులా లేస్తుంది. బకెట్‌లో మామూలు నీళ్లు, కొంచెం సబ్బు, మెత్తటి బ్రష్. జిప్‌లన్నీ తెరిచి, నీడలో తలకిందులుగా ఆరెయ్యండి.

వారానికి ఒక్కసారి, ఆదివారం రాత్రి, బ్యాగు మొత్తం మంచం మీద గుమ్మరిస్తా. నాన్న డ్యూటీ దిగాక సంచి గుమ్మరించి లెక్క చూసుకునేవాడు కదా, అలాగే. బిల్లులు, రేపర్లు చెత్తబుట్టలోకి. ఎర్ర పౌచ్, గ్లూకోజ్ మాత్రం కదలవు. ఆఫీసుకెళ్లినా అవి అక్కడే.

మళ్లీ అదే బండ దగ్గర

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్లాం. ఈసారి ముందు డాక్టర్ దగ్గరికి. ఎక్కువ నడిచే రోజు మాత్ర ఎలా వేసుకోవాలో, ఏం తినాలో రాయించుకున్నాం. మీ ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లని కొండకి తీసుకెళ్తుంటే ఇది మర్చిపోకండి. షుగర్ పడిపోతే 15 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు టీస్పూన్లు, పెట్టి పావుగంట ఆగి మళ్లీ చూడాలన్నది డాక్టర్లు చెప్పే మామూలు సూత్రం. స్పృహ తప్పినవాళ్ల నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఖాళీ కడుపుతో దర్శనం అనే పట్టు కూడా నాన్న వదిలేశాడు. "ప్రహ్లాదునికి ఆకలైతే సామి ఊరుకుంటాడా" అని ఆయనే సర్దిచెప్పుకుని ఎగువ అహోబిలంలో ఇడ్లీ తిన్నాడు.

బ్యాగు తూకం ఐదు కిలోల రెండొందల గ్రాములు. భవనాశినిలో నీళ్లు తగ్గాయి, రాళ్లు తేలాయి. మధ్యాహ్నానికి నా భుజాలు నొప్పి పెట్టలేదు. వీపు మాత్రం తడిసింది, ముందే చెప్పాగా.

జ్వాలా దర్శనం అయ్యాక ఆ బండ దగ్గరికొచ్చాం. నాన్న కావాలనే ఆగాడు. "పాపా, కండ్లు మూసుకో. గ్లూకోజ్ తియ్యి."

మూసుకున్నా. కుడిచెయ్యి నడుం దగ్గరికి పోయింది, జిప్ లాగింది, ప్యాకెట్ వేళ్లకి తగిలింది. తీసి చాచా. నాన్న తీసుకోలేదు. కళ్లు తెరిచి చూస్తే నవ్వుతూ తన నడుం దగ్గర్నుంచి చిన్న గుడ్డ తిత్తి తీసి చూపించాడు. అమ్మ పాత చీర కొంగుతో కుట్టింది. లోపల పటికబెల్లం.

"నీ బ్యాగు నీ దగ్గర ఉంటాది. నువ్వు ముందుకి పోయినావనుకో, అప్పుడు?" అన్నాడు.

నేను ఇది ఆలోచించనే లేదు. మూడు శనివారాలు తిరిగి, లీటర్లు, డెనియర్లు లెక్కలేసి కొన్న బ్యాగు. కావాల్సింది మాత్రం అవసరమైన మనిషి ఒంటి మీదే ఉండాలన్న మాట నాన్నే చెప్పాల్సొచ్చింది. మీతో వచ్చే పెద్దవాళ్ల మందు మీ బ్యాగులో ఒకటి పెట్టండి, వాళ్ల జేబులో ఒకటి పెట్టండి.

పైకి చూశాం. ఉగ్రస్తంభం ఎండలో మెరుస్తోంది. టైమ్ పదకొండున్నర. వెళ్తే వెళ్లొచ్చు. నాన్న కర్ర నేలకి ఆనించి కాసేపు ఆలోచించి, "ఎండ ఎక్కువుండాది. ఈసారికి మాలోలుని చూసి దిగుదాంలే. దాన్ని కార్తీకంలో పట్టుకుందాం" అన్నాడు.

అలా ఉగ్రస్తంభం ఇంకా బాకీ ఉంది. బ్యాగు గుమ్మం పక్క మేకుకి తగిలించి ఉంది. రేపు సోమవారం, లాప్‌టాప్ పెట్టాలి.